ఖాలీగా రాని గిన్నె

మా కోడలు చింతపండుతో ఇత్తడి తోముతుంటే, నా చిన్నప్పుడు యాకుత్‌పురాలో గడిచిన ఒక వారం యాదికొచ్చింది. మా ఇంట్ల పోయినవి రెండు: తాత కొన్న ఇత్తడి గిన్నె, అమ్మ నిద్ర.

"నీ తల్లిగారింటికి పంపినవా ఏంది?" అని నానమ్మ అమ్మను పూటపూటకూ అడిగేది. అమ్మ తిండి మాని బియ్యం కుండల్లో గూడ వెతికింది. అమ్మను ఇంట్లకెళ్లి తోలేస్తరేమోనని నాకు భయం.

ఒకనాడు మేము ఖాలా అని పిలిచే పక్కింటి పిన్ని ఆ గిన్నెను కొంగు చాటున పట్టుకొని వచ్చింది. "దొంగ దొరికింది!" అని నేను అరిచిన.

ఖాలా నవ్వి, గిన్నె నిండ ఉన్న శక్కర నానమ్మకు చూపింది. "పెద్దమ్మా, నువ్విచ్చిన పరమాన్నం మస్తుండె. ఖాలీ గిన్నె ఎట్ల తెస్త? జర్మన్ లడాయితోటి శక్కరకు కరువొచ్చె, ఇయ్యాలనే దొరికింది."

ఇచ్చి మర్చిపోయింది నానమ్మే. అమ్మ గిన్నెను ఒళ్ళో పెట్టుకొని నవ్వుతూనే ఏడ్చింది.

"శక్కర డబ్బాల పొయ్యి," అన్నది నానమ్మ.

అమ్మకు నానమ్మ చెప్పాల్సిన మాట ఒకటి ఇప్పటికీ బాకీ.