మూర దాటని దూరం

మా అరవసీమ ధర్మపురి బస్టాండు బయట పూలమ్మేవాళ్లలో ఒకావిడ మాత్రం ఇప్పటికీ అరటినారతోనే మాలలు కడుతుంది. తడిసిన నార వాసన తగిలితే కడత్తూరులో మా ఇంటి అరుగు గుర్తొస్తుంది.

మాకు మల్లెతోట ఉండేది. ఎండాకాలంలో తెల్లవారకముందే కోసిన మొగ్గలు తడిగుడ్డలో చల్లగా ఉండేవి. మధ్యాహ్నం రాగిసంగటి తిన్నాక, ఉడకబెట్టిన చెనక్కాయలు ఒళ్లో పోసుకుని, అవ్వ, అక్క, నేను అరుగు మీద మాలలు కట్టేవాళ్లం. కట్టేది ముగ్గురమైనా కొలిచేది అవ్వ ఒక్కతే, మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా ఒక మూర. నాకంటే నాలుగేళ్లు పెద్దదైన అక్క చెయ్యి అవ్వ చేతికంటే బెత్తెడు పొడుగు. తానూ కొలుస్తానని రోజూ అడిగేది.

"నీ చెయ్యి గడ మాదిరి ఉంది పిల్లా. నువ్వు కొలిస్తే కొనేవాళ్లకి పండగ, మనకి పస్తు" అనేది అవ్వ.

నాయన బెంగుళూరు నుంచి చిన్న రేకు గ్లోబు తెచ్చినాక ఇద్దరికీ పందెం పడింది. విమానాలు దిగే ఏ రెండు ఊళ్ల మధ్య దూరమైనా, గ్లోబు మీద, అవ్వ మూర దాటితే ఆ రోజు నుంచి పూలు అక్కే కొలవాలి. అక్క నార ఒక కొస బెంగుళూరు మీద పెట్టి, రెండో కొసను సముద్రాల మీదుగా లాగి, తెచ్చి అవ్వ చేతి మీద పరిచేది. ఒకసారి ఆక్లండ్ దాకా లాగింది. జానెడు కూడా రాలేదు.

"ఇంతేనా? ఇంతదానికి ఇమానమెందుకే, నడిచి పోయి సందేళకి వచ్చెయ్" అని అవ్వ ఒకటే నవ్వు.

అంత చిన్న గ్లోబు మీద ఏ రెండు ఊళ్లు పట్టినా మూర రాదని నాకు పెద్ద తరగతికి వచ్చాక తెలిసింది. అక్కకు చెప్పలేదు. ఆమె వెతుకుతుంటే చూడటం నాకిష్టం.

తర్వాత అక్క నర్సు పని మీద ఆ ఆక్లండుకే వెళ్లింది. అవ్వ పోయింది. కిందటేడు అక్కకు జబ్బు ముదిరింది.

"జానెడు కూడా లేదు కదరా, ఒకసారి వచ్చి పో" అంది ఫోనులో.

పదకొండు వేల అయిదు వందల కిలోమీటర్లని సెల్‌ఫోను చూపించింది. నేరుగా పోయే విమానం లేదు. నాకు పాస్‌పోర్టే లేదు. అది చేతికొచ్చి, వీసాకు రాసుకుని, రోజూ ఉత్తరువు కోసం చూశాను. అక్కను దహనం చేసిన నాలుగో రోజున వీసా వచ్చింది. నేను వెళ్లలేదు.

తోట ఇప్పుడు ఇళ్ల స్థలాలు. గ్లోబు తుప్పు పట్టి అడుగు ఊడిపోయింది. పూలమ్మేవాళ్లు చేత్తో కొలవడం మానేశారు. నార కట్టే ఆవిడ కూడా కొలతకని బల్లకు మూర ఎడంగా రెండు మేకులు కొట్టుకుంది. వెల్లిచందై వైపు తెలుగావిడ. ఈ రోజు అక్క పోయిన తిథి. పటానికి పూలు కావాలన్నాను.

"ఎన్ని మూరలు అన్నా?"

"ఒక మూర. పైన బెత్తెడు."

"బెత్తెడా? అదేం కొలత అన్నా?"

"మా అక్క చెయ్యి."

ఆమె మాల రెండో మేకు దాకా లాగి, అక్కడి నుంచి నాలుగు వేళ్లు ఆనించి తుంచింది.