మెత్తని జతను కాదన్న రేణుక

జమ్మలమడుగులో రేణుకను గురించి తిరుగుతున్న మాటల్లో ఎక్కువ భాగం అబద్ధం. కానిస్టేబుల్ ఎంపిక పరుగులో ఆమె నెగ్గింది ఖరీదైన విదేశీ బూట్ల వల్లనని కొందరంటారు. ఆ బూట్లు ఆమె కాలికి ఎక్కిన మాట నిజమే కాని, పరుగు రోజున ఎక్కలేదు. ప్రొద్దుటూరు బూట్ల వ్యాపారి కమాల్ బాషా జాలిపడి ఒక జత ఊరికే ఇచ్చాడన్నది మరో మాట. బాషాను ఎరిగినవారెవరూ దీన్ని నమ్మరు. గొర్రెల కాపరి బిడ్డ కనుక ఒట్టి కాళ్లతో ఉరికి అందరికంటే ముందు వచ్చిందని సెల్‌ఫోన్లలో ఒక కథ తిరిగింది. వినడానికి బాగుంటుంది, అంతే. బూట్లకు ఆముదం పట్టిస్తే వేగం వస్తుందన్నది వీటన్నిటికంటే హానికరమైనది; దాన్ని నమ్మి బూట్లు పాడుచేసుకున్నవారు ఇప్పటికే ఉన్నారు. ఆముదానికి ఈ వృత్తాంతంలో చోటుంది. కాని అది చేసిన పని వేరు.

రేణుక ఆదెన్న కూతురు. పెన్నకు అవతలి ఒడ్డున వాళ్ల ఊరు. తండ్రి, అన్న వెంకటకృష్ణ గొర్రెలు మేపుతారు. డిగ్రీ ముగించి ఆమె మొదటి రాతపరీక్ష గట్టెక్కింది. తర్వాతది కడపలో పదహారు వందల మీటర్ల పరుగు. గడువులోపల గీత దాటితేనే చివరి పరీక్షకు పిలుపు. తప్పితే మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడో చెప్పగలవారు లేరు. ఆమెకు ఊపిరికి కొదవ లేదు. అయితే గుడ్డ బూట్లతో సాధన చేసి చేసి మోకాలి కింద ఎముక నొప్పి పట్టుకుంది. సగం దూరం పోయేసరికి కుంటేది.

జమ్మలమడుగు మైదానంలో ఆమెతో పాటు సాధన చేసే భార్గవి, పులివెందుల నుంచి వచ్చిన బడి అయ్యవారి కూతురు, ఒక సలహా ఇచ్చింది.

"ఆ గుడ్డవి పారేసి నాయట్లాంటివి తెచ్చుకో మ్మే. దూది మీద నడిచినట్టుంటాది."

అన్నాచెల్లెళ్లు ప్రొద్దుటూరు వెళ్లారు. బాషా మూడు జతలు బల్ల మీద పెట్టాడు. ఒకటి భార్గవి తొడిగే విదేశీ కంపెనీదే, అన్నిటికంటే మెత్తనిది. ఒకటి మన దేశపు కంపెనీది, మడమ దగ్గర బిగువైనది, ధర అందులో సగం. మూడోది పేరు లేనిది, చౌక.

"వేలు పెట్టి నొక్కి చూడు పాపా. పరుపే," అన్నాడు బాషా మొదటిదాన్ని చూపుతూ.

"పరుపు మీద పండుకుంటారు గానీ ఉరుకుతారా మామా?" అంది రేణుక.

నొక్కి చూసి నిర్ణయించడానికి రేణుక ఒప్పుకోలేదు. కాలు నొచ్చిన గొర్రె మనిషి ఎదురుగా ఉంటే సర్దుకుని నడుస్తుంది. అందుకే కాపరులు దాన్ని ముందుకు తోలి, వెనక గొంతుక్కూర్చుని గిట్ట ఎలా పడుతుందో చూస్తారు. ఆమె అన్నను అంగడి మెట్టు దగ్గర అలాగే కూర్చోబెట్టి, ఒక్కొక్క జత తొడుక్కుని బజారు వీధిలో ఆ కొసదాకా ఉరికింది.

"ఏందప్పా ఇది? బూట్లు కొనేకొచ్చినారా, పొట్టేలును బేరం చేసేకొచ్చినారా?" అన్నాడు బాషా.

"గమ్మునుండు మామా. పొట్టేలు ఇంకా పోతాంది, చూడనీ."

"నాకు వినపడతాంది," అంది రేణుక వీధి మధ్యనుంచి.

ఆమె తిరిగి వచ్చాక వెంకటకృష్ణ తీర్పు చెప్పాడు. "మెత్తదాంట్లో నీ మడమ లోపలికి ఒరుగుతాంది మ్మే. చౌకదాంట్లో దబ్బుదబ్బుమని ఎముకకే తగులుతాంది. నడిమిదాంట్లో కాలు నేరుగా పడతాంది."

నడిమిదే కొన్నారు. బజారు వీధి పరీక్ష చాలదని రేణుకకు తెలుసు. అక్కడ ఉరికింది కొద్ది దూరం, అలసట లేని కాలితో. అందుకని మైదానంలో ఒకనాడు భార్గవి బూట్లతోనూ, మరునాడు తన వాటితోనూ పూర్తి దూరం ఉరికింది. మెత్తని వాటిలో మొదట హాయిగా ఉండి, చివరి చుట్టులో పాత నొప్పి తిరిగి వచ్చింది. తన వాటిలో రాలేదు. దీనికి ఆ విదేశీ కంపెనీని తప్పుపట్టనక్కరలేదు. అవే బూట్లతో భార్గవి ఏ బాధా లేకుండా ఉరుకుతోంది. పాదాలు వేరు.

పరుగు ఇంకొక వారంలో ఉందనగా తల్లి రామసుబ్బమ్మ తన వంతు సాయం చేసింది. కొత్త తోలు చెప్పులు కాలు కరవకుండా ఆముదం పట్టించి ఎండలో పెట్టడం ఆ ఇంటి పద్ధతి. కూతురు కొత్త బూట్లకు ఆ మర్యాద జరగలేదని గమనించి, లోపలా బయటా ధారాళంగా పట్టించి మిద్దె మీద ఎండబెట్టింది. సాయంత్రానికి కుడి బూటు అడుగు జిగురు వదిలి, ముందు భాగం నోరు తెరిచింది.

"ఏందిమా ఇది?"

"కరవకుండా పెట్టినాలే. మీ నాయన చెప్పులకు పెట్టడంల్యా?"

"నాయనవి తోలువి మా. ఇవి జిగురుతో అతికించినేటివి."

ఆదెన్న బూటును ఎత్తి చూశాడు. "నోరు తెరిచిందంటే ఆకలేమో మ్మే. రొంత సంగటి పెట్టు."

కోప్పడదామనుకున్న రేణుకకే ముందు నవ్వు వచ్చింది. నవ్వినంత మాత్రాన చిక్కు తీరలేదు. మళ్లీ ప్రొద్దుటూరు పోయి అడిగితే ఆ రకంలో ఆమె కొలతకు ఇంకొక జత లేదు.

"ఆముదం తాగిన బూటును నేను వాపసు తీసుకుంటే నా అంగడిని మందులషాపంటారు పాపా," అన్నాడు బాషా. "మెత్తనివైతే ఉండాయి."

భార్గవి తన జత ఇస్తానంది. ఆమె పరుగు రేణుక పరుగుకు మరునాడు.

"ఉత్తగా వస్తాండాయి, తీసుకో," అన్నాడు వెంకటకృష్ణ.

"అన్నా, ఆఖరి చుట్టులో కాలు నొచ్చేది నాకు, నీకు కాదు."

రేణుక బూట్లను కుంకుడు రసంతో కడిగి ఆరబెట్టింది. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టేవానితో అడుగు చుట్టూ నైలాను దారంతో కుట్టించింది. జారుతున్న లోపలి అట్టలు తీసేసి, పాత గుడ్డ బూట్లలోవి వేసుకుంది. తర్వాత మళ్లీ పూర్తి దూరం ఉరికింది. వెంకటకృష్ణ వెనక గొంతుక్కూర్చుని చూశాడు.

"నేరుగానే పడతాంది," అన్నాడు. "వాసనే, రొంత దూరం పోయినాక గూడా వస్తాంది."

కడప మైదానంలో ఆమె పక్కన నిలబడిన అమ్మాయి ముక్కు మూసుకుని, "ఎవురమ్మా తలంటుకుని వచ్చినారు?" అని అడిగింది.

"తలకు కాదక్కా, కాళ్లకు," అంది రేణుక. వరుసంతా నవ్వింది. ఈల మోగింది.

చివరి చుట్టులో ఆమె కుంటలేదు. నొప్పి కోసం ఎదురుచూస్తూనే మలుపు తిరిగింది, అది రాలేదు. అప్పుడు వేగం పెంచింది. కంచె అవతల వెంకటకృష్ణ మనుషులను తోసుకుంటూ ఆమె మడమలు వెనకనుంచి కనబడే చోటికి పరుగెత్తాడు. గీత దాటాక ఆమె నడుము మీద చేతులు పెట్టుకుని నవ్వుతూ నిలబడింది. మరునాడు భార్గవి తన మెత్తని బూట్లతోనే నెగ్గింది. రెండు ఇళ్లవాళ్లూ కలిసి బస్టాండు హోటల్లో బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నారు.

రేణుక మొదటి స్థానంలో రాలేదు; గడువులోపల వచ్చింది. ఉద్యోగం ఇంకా రాలేదు. చివరి పరీక్ష ఉంది. ఆమె చేసినది ఇంతే: మూడు జతల్లో తన కాలికి ఏది నప్పుతుందో ఉరికి తెలుసుకుంది, అది చెడితే బాగుచేయించుకుంది, దానితోనే నెగ్గింది.