తూర్పు హద్దు వెంట ముసఫ్ఫా దాకా

2007 మే నెల. వేసవి సెలవులిచ్చిన వారానికి, ఉదయం ఐదున్నరకు కరీంనగర్ బస్టాండులో హైదరాబాదు బస్సెక్కాను. పెద్ద సూట్‌కేసులో నావి నాలుగు చీరలు. మిగతావన్నీ ఊరివాళ్లవి. దుబాయ్ పోతున్నామని ఒక్కరికి చెబితే వాడకట్టంతా చెప్పినట్టే. ఒకరి మామిడికాయ తొక్కు, ఒకరి సకినాలు, ఒకరి కొడుక్కి మోకాలి నొప్పి తైలం. అన్నిటికన్నా పైన, చీర మడతల మధ్య, రాజవ్వ ఇచ్చిన ప్లాస్టిక్ కవరు.

ఆ కవరు సంగతి ముందే చెప్పాలి. టవర్ సర్కిల్‌కు పోయే మా సందు మొదట్లో రాజవ్వ గాజుల దుకాణం ఉంది. దుకాణం గదిని మా వైపు మడిగె అంటాం. లోతు పది అడుగులు. భర్త పోశం తాపీమేస్త్రి, పన్నెండేళ్లుగా గల్ఫ్‌లో ఉన్నాడు. ఆ పన్నెండేళ్లలో కూడబెట్టిందంతా ఆ మడిగె. వానాకాలంలో అక్కడ కూర్చుని గాజులు వేయించుకుంటుంటే కాళ్ల కింద ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు వినిపించేది. గంగమ్మ నా గల్లా కిందనే ఉన్నదని రాజవ్వ నవ్వేది. మా ఇంటి మెట్ల దగ్గర కూడా అదే చప్పుడు. ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఊరు నాలుగు వైపులా పెరిగింది గానీ నడిబజారు మాత్రం పాతికేళ్ల కింద ఎలా ఉందో అలాగే ఉంది. రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాలి. ఆ సందును వెడల్పు చేస్తామని మునిసిపాలిటీవాళ్లు ఎర్ర రంగుతో గీతలు గీసిపోయారు. మా మెట్లూ వరండా గీతకు రోడ్డు వైపు పడ్డాయి. రాజవ్వ మడిగెలో గీత ఆరడుగులు లోపల, గాజుల అల్మారా వెనక, పక్క గోడమీద పడింది. ఊరుకుంటామా. బజారువాళ్లంతా నా దగ్గరికి వచ్చి, దస్తూరీ బాగుంటుందని అభ్యంతరపత్రం నాతోనే రాయించారు. 'తరతరాలుగా మా స్వాధీనంలో ఉన్న స్థలం' అని మొదలుపెట్టి మూడు పేజీలు రాశాను. మొదటి సంతకం నాదే. ఇక పోశం సంతకం ఒక్కటే తక్కువ, మడిగె అతని పేరు మీద ఉంది కనుక.

కవరులో మూడు కాగితాలున్నాయి. నా అభ్యంతరపత్రం, మునిసిపాలిటీ ఇచ్చిన ఒప్పుకోలు ఫారం, మడిగె దస్తావేజు జిరాక్సు. ఒప్పుకున్నవాళ్లకు పైన అంతస్తు కట్టుకోవడానికి అనుమతి ఇస్తారట. మొండికేసి ఓడిపోతే ఏమీ రాదు. నేను తిరిగొచ్చాక వచ్చే సోమవారమే గడువు. బస్సు కదిలే ముందు రాజవ్వ కిటికీ దగ్గరికి వచ్చి, "ఒప్పుకోలు కాగితం ఆయనకు సూపియ్యకు టీచరమ్మా, మెత్తటి మనిషి. అభ్యంతరం మీదనే పెట్టియ్యి" అని గట్టిగా చెప్పింది.

బేగంపేట విమానాశ్రయంలో పదకొండున్నరకు విమానం. దుబాయ్‌లో దిగేసరికి అక్కడి గడియారంలో మధ్యాహ్నం రెండు. తమ్ముడు రమేశ్ బయట నిలబడి ఉన్నాడు. వాడు జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోదాము ఆఫీసులో పనిచేస్తాడు, డేరాలో రెండు గదుల ఫ్లాటు. కారు లేదు. డ్రైవింగ్ పరీక్షలో నాలుగుసార్లు ఫెయిలయ్యాడు. ఇంట్లో నేను లెక్కలు చెబితే ఒక్కసారికే పాసైనవాడు ఇక్కడ పార్కింగ్ దగ్గర తప్పుతున్నాడట. నాకు మాత్రం అదే మంచిదైంది. కారుంటే పడవా బస్సూ ఎక్కేదాన్ని కాదు.

మొదటి రెండు రోజులు ఊరు చూశాను. మా బజారు గొడవ మనసులో ఉండి, గుళ్లూ గోపురాలూ చూడాల్సిన కళ్లతో రోడ్లూ, మురుగునీళ్లు పోయే మోరీలూ చూశాను. డేరాలో మెట్రో రైలు కోసం రోడ్డు మధ్య గుంతలు తవ్వి స్తంభాలు లేపుతున్నారు. డౌన్‌టౌన్ అనే చోట బుర్జ్ దుబాయ్ కడుతున్నారు. టాక్సీలోంచి మెడ వంచి ఎంత చూసినా కొస కనిపించలేదు. చుట్టూ ఇసుకలోనే నడిబజారు తయారవుతోంది. మనుషులింకా రాలేదు, వాళ్లు నడిచే కాలిబాట మాత్రం వచ్చేసింది. ఇంతా చేసి ఇక్కడ ఇంటి నంబరు చెప్పి చేరిన టాక్సీ ఒక్కటీ నాకు కనబడలేదు. పెట్రోలు బంకు, మసీదు, ఫలానా హోటలు అని గుర్తులే చెబుతారు. కరీంనగర్‌లా ఉందే అంటే రమేశ్ నవ్వాడు.

"కాని అక్కా, ఇక్కడ గుర్తులు నెలకోసారి మారుతయి."

శుక్రవారం పోశానికి సెలవు. ఉదయం ఏడింటికి డేరా రేవులో అబ్రా ఎక్కాం. మనిషికి ఒక దిర్హాము. చెక్క పడవ, మధ్యలో బల్లమీద అందరం వీపులు ఆనించుకుని కూర్చోవాలి. ఐదు నిమిషాల్లో అవతలి గట్టు. అక్కణ్నుంచి పది నిమిషాలు నడిస్తే గుబైబా బస్‌స్టేషన్. ఏడు నలభైకి అబుదాబి బస్సు, టికెట్టు పదిహేను దిర్హాములు. ముందు సీట్లు ఆడవాళ్లకి, ఏసీ చల్లగా ఉంటుంది, శాలువా ఉంటే మంచిది.

మా వెనక సీటులో భీమవరం ఆయన. రోడ్లు వేసే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేస్తున్నారట. తెలుగు వినబడగానే ముందుకు వంగి, ఏ ఊరండీ అని అడిగారు. నేను మా రోడ్డు వెడల్పు కథంతా చెప్పాను. మేం అన్యాయమైపోయామనే ధోరణిలోనే చెప్పాననుకుంటాను. ఆయన అంతా విని ఒకే మాట అడిగారు.

"మీ మోరీ ఎక్కడుందండీ? రోడ్డు కొలత నేనెప్పుడూ మోరీ దగ్గర్నించే చూస్తానండి."

మోరీ కనబడదండీ, పైన మూసేసి ఉంటుంది అన్నాను. ఆయన అహా అని, ఇంకేమీ అనకుండా ఉప్మా డబ్బా విప్పి మాకు పెట్టారు. ఆ అహా నాకు నచ్చలేదు. ఉప్మా బాగుంది.

పది అయ్యేసరికి అబుదాబి. బస్‌స్టేషన్ పక్క కెఫెటేరియాలో పరోటా, చాయ్ తీసుకుని పోశానికి ఫోన్ చేశాం. అతనుండేది ముసఫ్ఫాలో, ఐకాడ్ అనే ఫ్యాక్టరీల పేటలో, కంపెనీ క్యాంపులో. పెద్ద క్రేన్ కాడ దిగుండ్రి, నేను ఆడనే ఉంట అన్నాడు. బంగారు రంగు, తెల్ల రంగు టాక్సీ, పఠాన్ డ్రైవరు. ముసఫ్ఫా చేరాక పెద్ద క్రేన్ ఎక్కడని అడిగితే ఆయన రెండు చేతులూ స్టీరింగ్ మీంచి తీసి నాలుగు దిక్కులా చూపించాడు. నేను తొమ్మిది వరకు లెక్కపెట్టాను. అన్నీ పెద్దవే. పోశం చెప్పిన క్రేన్ మొన్ననే ఇంకో సైటుకు పోయిందని తరవాత తెలిసింది. అరగంట తిరిగి తిరిగి, చివరికి ఒక గ్రోసరీ కొట్టు ముందు ఇస్త్రీ చొక్కా వేసుకుని చెయ్యి ఊపుతున్న మనిషిని చూసి ఆపించాం. పదకొండున్నరైంది.

పోశానికి యాభై దాటి ఉంటాయి. ఎండకు మొహం నల్లబడి, కనుబొమలు మాత్రం సిమెంటు పట్టినట్టు తెల్లగా ఉన్నాయి. క్యాంపులోకి ఆడవాళ్లను రానివ్వరు కనుక కొట్టు పక్క కెఫెటేరియాలో కూర్చోబెట్టి, మేం వద్దంటున్నా బిర్యానీ తెప్పించాడు. పన్నెండు దాటగానే జుమ్మా నమాజుకని అది కూడా మూసేశారు. ముగ్గురం గోడ నీడలో అట్టపెట్టెలు పరుచుకుని కూర్చున్నాం. పిల్లల చదువులూ తల్లి ఆరోగ్యమూ అన్నీ అడిగాడు. నువ్వు కట్టిన బంగళాలు చూపించు పోశం అంటే, డౌన్‌టౌన్‌లో ఒకదానికి పద్నాలుగో అంతస్తు దాకా ఇటుక పేర్చానని, అద్దాలు పెట్టాక లోపలికి పోలేదని మామూలుగా చెప్పాడు. రోజూ బస్సులో గంటన్నర పోవాలి, గంటన్నర రావాలి. ఈ ఏడు మోకాళ్లు సహకరించడం లేదు, వచ్చే ఏడు ఖలాస్, ఊరికి వచ్చి ఆ మడిగెలో కూర్చుంటానన్నాడు. ఆ మాటతో కవరు తీయడం ఇంకా కష్టమైంది.

తీశాను. రాజవ్వ చెప్పినట్టే అభ్యంతరపత్రం మాత్రం చేతికిచ్చి పెన్ను ఇచ్చాను. అతను మూడు పేజీలూ నిదానంగా చదివాడు. సంతకం పెట్టలేదు. పెన్ను పక్కన పెట్టి దస్తావేజు జిరాక్సు అడిగి తీసుకుని, దాన్ని మళ్లీ నాకే ఇచ్చాడు.

"అమ్మా, మీరు సదువుకున్నోళ్లు. తూర్పు హద్దు ఏం రాసిండ్రో జర సదువుండ్రి."

చదివాను. 'తూర్పు: మునిసిపల్ మోరి.' మడిగె లోతు పది కాదు, ఆరడుగులు.

"గా మోరి ఇప్పుడు ఏడున్నది?"

వానాకాలపు చప్పుడు చెవిలో వినబడింది. గంగమ్మ గల్లా కిందనే ఉంది.

"రెండు నెలల సెలవు మీద వచ్చి నా చేతులతోని కట్టిన," అన్నాడు పోశం. "రెండు దిక్కులోళ్లు మోరి మీదికి జరిపిండ్రు. నేను జరపకపోతే నా మడిగె ఎవలకు కనవడది. నేను గూడ మోరి మీద బండలేసి నాలుగడుగులు ముంగట్కి జరిపిన. రాజవ్వ అప్పుడు తల్లిగారింట్ల ఉండె, ఆమెకు తెల్వది. గిప్పుడు పోయే ఆరడుగులల్ల నాలుగు మోరియే, మనయి రెండేనమ్మా."

నలుగురితో నారాయణా అని అందరూ జరిపినప్పుడు నీదొక్కడిదే తప్పెలా అవుతుంది అన్నాను. అతన్ని ఓదారుస్తున్నాననుకున్నాను. నిజానికి నన్ను నేను వెనకేసుకొస్తున్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. ఇక్కడ ఒక్క వరుస ఇటుక గీత దాటినా ముదీర్, అంటే మేనేజరు, పక్కన నిలబడి కూలగొట్టిస్తాడట. తను కట్టిన గోడను తనే రెండుసార్లు కూలగొట్టాడట. అప్పటినుంచీ ఊళ్లో మోరీ గుర్తొస్తూనే ఉందన్నాడు. మా బజారుకు మునిగిపోయే రోగం ఎందుకు పట్టిందో అతనికి తెలుసు. ప్రతి వానకూ నీళ్లు ఇళ్లల్లోకి ఎందుకొస్తున్నాయని కలెక్టరుకు అర్జీ రాసింది కూడా నేనే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ నీడలో కూర్చుని నా కొంగు సర్దుకున్నాను.

రెండో కాగితం ఉందా అని అతనే అడిగాడు. ఇచ్చాను. ఒప్పుకోలు ఫారం మీద పేరంతా పొడవుగా సంతకం పెట్టాడు. పెట్టాక ఆ కాగితాన్నే చూస్తూ కూర్చున్నాడు. పన్నెండేళ్ల కష్టంలోంచి ముందు గోడను తన చేత్తోనే తీసేశాడు మరి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రమేశ్ లేచి నీళ్ల సీసా తెస్తానని కొట్టు వైపు పోయాడు. కొట్టు మూసి ఉందని వాడికీ తెలుసు.

తరవాత పోశం జేబులోంచి మేస్త్రి పెన్సిలు తీసి, అట్టపెట్టె ముక్క చింపి, దానిమీద గీయడం మొదలుపెట్టాడు. మిగిలిన నాలుగడుగుల లోతు, పన్నెండడుగుల వెడల్పు. తలుపు పక్క సందులోకి తిప్పాలి. అల్మారాలు నేల నుంచి కప్పు దాకా. మూలన మెట్లు, అనుమతి వచ్చాక పైన గది. ముందు మోరీ మీద తీసి వేసుకునే బండలు, ఏడాదికోసారి పూడిక తీయడానికి. కొలతలన్నీ వేసి నా చేతికిచ్చాడు.

"నాలుగడుగులు మనిషి పండడానికి సాలయి. గాజులకు సాలయా?" అన్నాడు. మరి రాజవ్వకు ఎవరు చెబుతారంటే, మీరే జెప్పుండ్రి, ఫోన్ల జెప్తే నన్ను మాట్లాడనియ్యది అని మొదటిసారి నవ్వాడు.

మూడింటికి టాక్సీ దొరికింది. నాలుగింటి బస్సుకు దుబాయ్ బయల్దేరాం. దారి పొడుగునా ఇసుకలో రోడ్లు గీసి ఉన్నాయి, ఇళ్లు లేవు. పొద్దున ఆ గీతలు చూసి ఆశ్చర్యపోయాను. సాయంత్రం వాటి పక్కన ఇటుకలు మోసే మనుషులు కూడా కనబడ్డారు.

వారం తరవాత శనివారం పొద్దున విమానం. పక్క సీటులో జగిత్యాల ఆయన, మూడేళ్లకు ఇంటికి పోతున్నాడు. అక్కా జర నింపవా అని, దిగాక అధికారికి ఇవ్వాల్సిన కార్డు నా ముందు పెట్టాడు. ఇంటి నంబరు అడిగితే తెలియదన్నాడు. మోరి పక్క ఇల్లు అని రాయమన్నాడు. రాశాను. అధికారి అడిగితే ఆయనే చెప్పుకుంటాడు.

మధ్యాహ్నం జూబ్లీ బస్టాండులో కరీంనగర్ బస్సెక్కాను. దుబాయ్ ఎలా ఉందని ఈ నెలంతా అందరూ అడుగుతారు. పెద్దగా ఉంది, వేగంగా ఉంది, చూడదగ్గది, మే నెలలో మాత్రం పోకండి అని చెప్పాలనుకున్నాను. నేను చూసింది ఒక్క ముక్కలో చెప్పమంటే, అక్కడ గీత దాటనివాళ్లంతా మనవాళ్లే. మన ఊళ్లో దాటినవాళ్లమూ మనమే. సిద్దిపేటలో బస్సు ఆగినప్పుడు అభ్యంతరపత్రం తీసి మొదటి సంతకాన్ని కొట్టేశాను. మా ఇంటి దస్తావేజు బీరువాలో ఉంది. తూర్పు హద్దు ఏముందో తీసి చూడాలి. చూడకపోయినా తెలుసు, ప్రతి వానాకాలం ఆ చప్పుడు మీదుగానే గడప దాటాను.

ఐదున్నరకు సందులో ఆటో దిగాను. రాజవ్వ గాజుల అల్మారా పక్కనుంచి తొంగి చూసి, సూట్‌కేసు కింద పెట్టకముందే సంతకం పెట్టిండా అని అడిగింది. పెట్టాడన్నాను. దేని మీద పెట్టాడో చెప్పే ముందు, ఆమె చెయ్యి పట్టుకుని మా ఇంటి మెట్ల దగ్గరికి తీసుకుపోయాను.