మాస్టారికి మిగిలిన మాట

మా ఇంగ్లీషు మాస్టారు పోయారని బాపట్లలో బడికి బయలుదేరుతుండగా తెలిసింది. ఫోన్ చేసింది అమ్మగారే. మాస్టారి భార్యను మేమంతా అలాగే పిలుస్తాం. "మీ మాస్టారు వెళ్లిపోయారమ్మా" అన్నారు. నేను ఏడుపందుకుంటే, "తొందరపడకుండా జాగ్రత్తగా రా తల్లీ" అని ఆవిడే నాకు ధైర్యం చెప్పారు. రేపల్లె బస్సులో దారంతా ఏడుస్తూనే ఉన్నాను. పక్కన కూర్చున్నావిడ "ఎవరమ్మా పోయింది, నాన్నా?" అని అడిగితే అవునన్నట్టు తలూపాను. ఆయన మాకు చుట్టం కారు, మా మతమూ కాదు. అయినా కాదని చెప్పబుద్ధి కాలేదు.

తెనాలిలో బజారు వెనక వీధిలో, ఒక మేడమీది గదిలో ఆయన ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెప్పేవారు. గ్రామరు నేర్పుతారని వెళ్తే, మొదటిరోజే బోర్డు మీద 'టేక్' అని రాసి, "ఈ ఏడాదికి మనకిదే" అన్నారు. ఇంటికొచ్చి చెబితే మా నాన్న తల పట్టుకున్నాడు.

పద్ధతి ఏమిటంటే, ఆ మాట ఉన్న వాక్యం ఒకటి ఊళ్లో ఎక్కడో విని తేవాలి. పుస్తకాల్లోది పనికిరాదు. తెచ్చాక, "ఎవరన్నారు? ఎవరితో అన్నారు? ఎందుకన్నారు?" అని అడిగేవారు. మూడింటికీ జవాబు చెప్పగలిగితేనే అది బోర్డెక్కేది. నేను 'టేక్ రెస్ట్' తీసుకెళ్లాను.

"ఎవరన్నారమ్మాయ్?"

"ఆస్పత్రిలో కాంపౌండరండి. మా దాదీతో, మా నాన్నమ్మతో అన్నాడండి."

"ఎందుకో?"

"మంచాలు ఖాళీ లేవండి."

మాస్టారు సుద్దముక్క కింద పెట్టేసి నవ్వారు. "అయితే అది విశ్రాంతి తీసుకోమనడం కాదు, ఇంటికెళ్లమనడం. మాట ఒంటరిగా రాదమ్మా, మనిషిని వెంటబెట్టుకుని వస్తుంది. ముందు ఆ మనిషిని చూడు" అన్నారు. దుగ్గిరాల నుంచి వచ్చే కుర్రాడొకడు, పసుపు మార్కెట్ యార్డులో దళారి తన తండ్రితో అన్నాడంటూ 'డోంట్ టేక్ టెన్షన్' తెచ్చాడు. తప్పని మేమంతా ఎగతాళి చేస్తే ఆయన ఒప్పుకోలేదు. "టెన్షన్‌ని కూడా కాఫీలాగా తీసుకుంటున్నాం మనం. మన ఊళ్లో అంటున్నారంటే మన ఊళ్లో అది ఉన్నట్టే" అని బోర్డు మీద రాశారు. పరీక్షలో మాత్రం రాయొద్దని బెదిరించారు.

ఒకసారి ఆ మాట పుట్టుక చెప్పారు. అసలది ఇంగ్లీషువాళ్ల సొంతం కాదట. ఉత్తరాన్నుంచి సముద్రం దాటి ఓడల్లో దోపిడీకి వచ్చి, అక్కడే కాపురాలు పెట్టినవాళ్ల మాటట. అది వచ్చి పీట వేసుకున్నాక, అంతకుముందు అదే అర్థంతో ఉన్న వాళ్ల ఇంటి మాట 'నిమన్' మూలన పడిపోయింది. "పూర్తిగా పోలేదు. తిమ్మిరెక్కితే ఇంగ్లీషులో 'నమ్' అంటాం చూడు, అందులో ఇంకా బతికే ఉంది. మన చేతిని మన దగ్గర్నుంచి ఏదో తీసేసుకుందని దానర్థం" అంటూ తన కుడిచెయ్యి వేలాడేసి చూపించారు. మేం పకపకా నవ్వాం.

ఆయన ట్యూషన్ మానేసి సొంతూరు రేపల్లె వెళ్లిపోయిన కొన్నాళ్లకు పక్షవాతం వచ్చింది. నిజంగానే ఆ కుడిచెయ్యే పడిపోయింది. మాట కూడా పోయింది. ఒక్కటి మాత్రం మిగిలింది. టేక్. ఏం కావాలన్నా, ఏం వద్దన్నా, నొప్పి వేసినా, మనిషిని చూసి సంతోషం కలిగినా అదే. ఇలాంటి జబ్బులో ఒక్కోసారి అలా ఒక్క మాటే నిలిచిపోతుందని డాక్టరు చెప్పారట. నాకు దేవుడి మీద పట్టరాని కోపం వచ్చింది. అన్ని మాటలూ తీసుకెళ్లేవాడు ఆ ఒక్కటీ వదిలిపెట్టి ఆయన్ని ఆట పట్టించడం దేనికి అనుకున్నాను.

అమ్మగారికి ఇంగ్లీషు రాదు. కానీ ఆ మాటను ఆవిడ నేర్చుకున్నట్టు మా బ్యాచ్‌లో ఎవరం నేర్చుకోలేదు. సాగదీస్తే మంచినీళ్లు. టక్కున అంటే ఫ్యాను ఆపమని. ముక్కుతో అంటే, వచ్చినవాళ్లు చాలాసేపు కూర్చున్నారని. ఒక ఆదివారం నేను వెళ్లినప్పుడు నావైపు చూసి ఆ మాట అన్నారు. పేపరు అందించాను, తల అడ్డంగా ఊపారు. దిండు సర్దాను, విసుక్కున్నారు. వంటింట్లోంచి అమ్మగారు కేకేశారు: "నీకు కాఫీ ఇచ్చానా లేదా అని అడుగుతున్నారమ్మా! ఇచ్చానండీ, తాగేసిందండీ!" మాస్టారు పనిచేసే సగం మూతితో నవ్వారు. ఆయన నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

అంతా అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక, అమ్మగారు నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్లారు. మంచం మీద పరుపు తీసేశారు. ఆ పట్టె మీదే కూర్చున్నారు.

"పోయేముందు ఒకసారి అన్నారమ్మా" అన్నారు. "నీళ్లు పట్టాను, తాగలేదు. ఫ్యాను ఆపాను, మళ్లీ వేశాను. కాదంటున్నారు. అన్నాళ్లూ అన్నీ తెలిశాయి కదా నాకు, ఆ ఒక్కటీ తెలియలేదు. ఏం అడిగారో ఏంటో. ఇవ్వకుండానే పంపించేశాను."

ఏదో ఒక అర్థం కల్పించి ఆవిడ మనసుకు ఊరట కలిగిద్దామనుకున్నాను. వెళ్లి ఆవిడ పక్కన చేరాను.

"నువ్వు విను. విని చెప్పు. ఇలా అన్నారు" అని ఆవిడ ఆ మాట అన్నారు. వెంటనే తల అడ్డంగా ఊపి, "ఇలా కాదు, ఇంకా మెల్లిగా" అని మళ్లీ అన్నారు. అదీ కాదట. కళ్లు మూసుకుని, మూతి ఒక పక్కకు లాగి, ఆయన పీల్చినట్టే ఊపిరి పీల్చి, అంటూనే ఉన్నారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని వింటూ కూర్చున్నాను. చీకటి పడుతున్నా ఎవరం లేచి లైటు వెయ్యలేదు. ఒక్కసారి మాత్రం అచ్చం మాస్టారి గొంతే పలికింది. ఇద్దరం ఉలిక్కిపడి గుమ్మం వైపు చూశాం.