చివరి రేవు గొంతు

మా అక్క డబ్బింగ్ చెప్పేది. ఇరవై ఏడేళ్ళు అదే పని. గోడలకు మందపాటి దుప్పటి గుడ్డ కొట్టిన చిన్న గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిలబడేది. ఎదురుగా తెర మీద ఎవరో పరాయి మనిషి పెదవులు కదుపుతుంటే, వాటికి మన మాటలు అతికించేది. సబ్బు ప్రకటనలో తల్లి, బొమ్మల సినిమాలో ఉడుత, కోర్టు సీరియల్లో ముద్దాయి చెల్లెలు, అందరూ మా అక్కే. ఏ సీరియల్ చివరా తన పేరు పడేది కాదు. "ఉడుతకి పేరెందుకే?" అని నవ్వేది.

ఇద్దరం ఒక ప్రింటింగ్ ప్రెస్సు పైన రెండు గదుల్లో ఉండేవాళ్ళం. కింద యంత్రం ఆడుతుంటే పైన మా గ్లాసులు వణికేవి. నేను బస్ స్టేషన్‌లో టికెట్ కౌంటర్‌లో పనిచేస్తాను. అక్కకు పెళ్ళి కుదరలేదు, నాకు కుదిరి నిలవలేదు. అందుకని ఒకరికొకరం మిగిలాం.

యాభై ఒకటో ఏట అక్క గొంతు బొంగురుపోయింది. డబ్బింగ్ వాళ్ళకి అది మామూలేనని రెండు నెలలు ఉప్పునీళ్ళు పుక్కిలించింది. మూడో నెలలో డాక్టరు చూసి క్యాన్సరన్నాడు, ప్రాణం నిలవాలంటే స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నాడు. ఆపరేషన్ నాడు పొద్దున స్ట్రెచర్ మీద పడుకుని నన్ను పేరుపెట్టి పిలిచింది.

"ఏమిటక్కా?" అన్నాను.

"ఏం లేదే. ఊరికే పిలిచాను."

అదే ఆఖరు.

ఆస్పత్రివాళ్ళు ఒక చిన్న యంత్రం ఇచ్చారు. టార్చిలైటంత ఉంటుంది. దవడ కింద ఆనించి పెదవులు కదిపితే మాట వస్తుంది. ఇంటికొచ్చాక అక్క ఒకే ఒక్కసారి దాంతో నా పేరు పలికింది. రేకు డబ్బాలో తుమ్మెద పడ్డట్టు వినిపించింది. నా మొహంలో ఏం కనబడిందో ఏమో, యంత్రాన్ని బీరువాలో బట్టల కింద పెట్టేసింది. ఆ తర్వాత ప్రెస్సులో మిగిలిన కాగితం ముక్కల మీద రాసి చూపించేది. "ఉప్పు ఎక్కువైంది." "నీ చెప్పు తెగింది, చూసుకో." ఇంట్లోంచి కదిలేది కాదు.

ఏడాది గడిచాక లైబ్రరీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం చూశాను. 'దూరయానం' సీరియల్ అభిమానులు ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం పై గదిలో కలుసుకుంటారట. దూరయానం అంటే నక్షత్రాల మధ్య తిరిగే నౌక కథ. మా చిన్నప్పుడు మొదలైంది, ఇప్పటికీ ఆగలేదు. అసలు సీరియల్ అయిపోయాక దాని కడుపున మూడు పిల్ల సీరియళ్ళు పుట్టాయి. 'అగ్రనౌక' అంతా యుద్ధాలు. 'ఏడో తరం' మొదటి నౌకలో వెళ్ళినవాళ్ళ మునిమనవల కథ. మూడోది 'చివరి రేవు'. ఎక్కడో ఒక చంద్రుడి మీద ఉన్న రేవు, వచ్చే పోయే నౌకలు, వాటికి దారి చెప్పే కంట్రోల్ గదిలో ఒక అమ్మాయి. ఆ అమ్మాయికి మన భాషలో గొంతు మా అక్కది. ఎవరూ చూడక ఇరవై రెండు భాగాలకే ఆపేశారు.

"వెళ్దాం రా అక్కా, మనుషుల్లో పడతావు" అని పోరుపెట్టి తీసుకెళ్ళాను. మెడ చుట్టూ పల్చటి రుమాలు కట్టుకుని వచ్చింది.

పై గదిలో పదిహేనుమంది దాకా ఉన్నారు. లెక్కల మేష్టారొకాయన సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద మూడు గళ్ళు గీశాడు. కెప్టెన్‌కి ఇన్ని మార్కులు, కథకి ఇన్ని, నౌకకి ఇన్ని అని ప్రతి నెలా పోల్చి చూడటమే వాళ్ళ సరదా. అగ్రనౌకవాళ్ళు కిటికీ వైపు, ఏడో తరంవాళ్ళు తలుపు వైపు కూర్చుని వియ్యాలవారిలా దెప్పుకుంటున్నారు. మూడో గడి దగ్గరకొచ్చేసరికి మేష్టారు చెయ్యి దులుపుకున్నాడు.

"చివరి రేవు సంగతా? ఇరవై రెండు భాగాల్లో కథ అడుగు ముందుకి కదలదు. వచ్చే నౌకలు వస్తుంటాయి, పోయేవి పోతుంటాయి. అది సీరియలా, సైకిల్ స్టాండా?"

గది గొల్లుమంది. అక్క కూడా నవ్వింది, చప్పుడు లేకుండా. నాకే ఒళ్ళు మండింది.

అప్పుడు మా పక్క కుర్చీలో ఉన్న మనిషి చెయ్యెత్తాడు. యాభైకి దగ్గర పడ్డ వయసు, నల్లకళ్ళద్దాలు, మోకాళ్ళ మధ్య మడతపెట్టే కర్ర. నీటి సరఫరా ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరట. అందరూ నీళ్ళాయన అంటున్నారు.

"మేష్టారూ, మీరు కళ్ళతో చూసి మార్కులేశారు. నేను చెవులతో చూసినవాణ్ణి. మూడింట్లో మొదటిది చివరి రేవే."

"మీరెప్పుడూ ఇదే పాట" అన్నారెవరో.

"పాట కాదు. ఇరవై నాలుగో ఏట నాకు చూపు పోయింది. ఆర్నెల్లు గోడవైపు తిరిగి పడుకున్నాను. మా వదిన అన్నం పెడితే తినేవాణ్ణి, లేకపోతే లేదు. ఒకరోజు పక్కగదిలో టీవీ పెట్టారు. అది పద్నాలుగో భాగం. ఒక కుర్రాడు ఒంటరిగా నౌకలో ఉన్నాడు, ఇంజను పోయింది, దిగలేడు. వాడికీ తెలుసు, రేవులో ఉన్న అమ్మాయికీ తెలుసు. అయినా ఆ అమ్మాయి లైను పెట్టెయ్యదు. మీ ఇంటి తలుపు ఏ రంగు, మీ అమ్మ నిన్ను ఏమని పిలుస్తుంది, అని చివరిదాకా అడుగుతూనే ఉంటుంది. నన్నే అడుగుతోందనుకున్నాను. మర్నాడు లేచి స్నానం చేశాను. ఆ తర్వాతే ఆపరేటర్ ట్రైనింగుకి వెళ్ళాను."

మేష్టారు సుద్దముక్క కింద పెట్టాడు.

అక్క నా ఒళ్ళోకి ఒక కాగితం తోసింది. "ఆ రోజు నాకు నూట రెండు జ్వరం. మింగుడు పడక మధ్యలో ఆగి ఆగి చెప్పాను. సౌండ్ ఇంజనీరు బాగుందని అలాగే ఉంచేశాడు."

నేను లేవబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఇంటికొచ్చాక రాసింది: "చెప్పకు. ఆయన దగ్గర ఆ గొంతు అలాగే ఉండనీ."

ఆ తర్వాత ప్రతి నెలా వెళ్ళాం. పిలవకుండానే ముందు తనే తయారయ్యేది. నీళ్ళాయన పక్కనే కూర్చునేది. "మీ అక్కగారు మాట్లాడరేమిటమ్మా?" అని అడిగితే, గొంతుకి ఆపరేషనైందని ఊరుకున్నాను. ఆయన ప్రతిసారీ ఆ గొంతు ఊసెత్తేవాడు. "ఇప్పుడు ఎక్కడ చెబుతోందో! కొత్త సీరియల్ ఏదొచ్చినా చెవొగ్గి వింటాను. ఎక్కడో ఒకచోట దొరక్కపోదు."

అయిదు నెలలు నోరు మూసుకున్నాను. ఆరో నెల మెట్లు దిగుతుంటే, అక్క ముందు వెళ్తోంది కదా అని ఆగి చెప్పేశాను. "ఆ గొంతు మా అక్కదేనండీ. మీ పక్కన కూర్చునేది ఆవిడే."

ఆయన మెట్టు మీద నిలబడిపోయాడు.

"మాట్లాడని మనిషిని చూపించి ఈవిడే ఆ గొంతు అంటున్నావా?"

"ఒట్టండీ. తీసేశారు గొంతు."

"పేరెక్కడైనా వేశారా?"

"లేదండీ."

మెల్లగా అన్నాడు. "నువ్వు మంచిదానివే కావచ్చు. కానీ ఇలాంటివాటితో ఆడుకోకూడదమ్మా." కర్ర తడుముకుంటూ దిగి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి నేనే ఒప్పుకున్నాను. అక్క నాలుగు రోజులు ఒక్క ముక్కా రాయలేదు. మాట్లాడలేని మనిషి అలిగితే ఇల్లు ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. ఐదోరోజు నేను పనినుంచి వచ్చేసరికి బీరువా తెరిచి ఉంది. యంత్రం బల్లమీద ఛార్జింగ్ అవుతోంది.

తర్వాతి నెల లైబ్రరీలో మీటింగ్ అయ్యేదాకా కదలకుండా కూర్చుంది. అందరూ లేచారు. నీళ్ళాయన కర్ర విప్పుతున్నాడు. అక్క రుమాలు సర్దుకుని, యంత్రం దవడకింద ఆనించింది. ఆ బొయ్యిమనే చప్పుడుకి గుమ్మం దాకా వెళ్ళినవాళ్ళు వెనక్కి తిరిగారు. అక్క చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆపలేదు.

"ఇది చివరి రేవు. నువ్వు... వినబడుతున్నావు. మీ ఇంటి తలుపు... ఏ రంగు?"

హెచ్చుతగ్గుల్లేని రేకు గొంతు. ఆడదో మగవాడో కూడా తెలియదు. నీళ్ళాయన చేతిలో కర్ర సగం విప్పి ఉంది.

"ఇంకోసారి" అన్నాడు.

అక్క మళ్ళీ చెప్పింది. 'నువ్వు' తర్వాత అంతే సేపు ఆగింది, 'తలుపు' తర్వాత అంతే సేపు.

ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. "ఆకుపచ్చ" అన్నాడు. "ఆకుపచ్చ రంగండీ మా తలుపు. అప్పటినించీ చెప్పాలనుకుంటున్నాను."

అక్క యంత్రంతో "జ్వరం" అంది. ఆయనకు అర్థం కాలేదు. నూట రెండు జ్వరం సంగతి నేను చెప్పాను. ఆయన పెద్దగా నవ్వి, అంతలోనే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

అప్పట్నించి రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ మా ఇంటికి ఫోను చేసేవాడు. అక్క యంత్రంతో జవాబు చెప్పేది. సెలవు రోజుల్లో నేను పక్కగదిలోంచి వినేదాన్ని. పెద్ద విషయాలేం ఉండేవి కావు. రేపు మీ వీధిలో నీళ్ళు రావు, రెండు బిందెలు ఎక్కువ పట్టుకోండి అనేవాడు. ఏడో తరంలో ముసలి కెప్టెన్‌కి ఆ గొంతు అస్సలు నప్పలేదంటే అక్క ఒప్పుకునేది కాదు. "పెదవులు... కలిశాయిగా" అని వాదించేది. ఫోను పెట్టేశాక మళ్ళీ నాకు కాగితమే.

ఉన్నమాట చెప్పాలంటే నాకు కడుపు మండేది. ఒకరోజు అడిగేశాను. "తోడబుట్టినదాన్ని, నాతో మాట్లాడవేం?"

అక్క కాగితం తీసుకుని రాసింది. "నీకు నా పాత గొంతుతో నీ పేరు గుర్తుంది. దాన్ని చెరపలేను."

ఆయనకి కూడా గుర్తుందిగా అని అడగలేదు. అడగాల్సిందేమో.

పదమూడు నెలలు అలా జరిగాయి. తర్వాత జబ్బు ఊపిరితిత్తుల్లో కనిపించింది. ఈసారి డాక్టరు కొయ్యడం గురించి మాట్లాడలేదు, ఇంటికి తీసుకెళ్ళమన్నాడు. యంత్రం ఎత్తి పట్టుకునే బలం కూడా చేతికి లేకుండా పోయింది. ఫోను మోగితే నేనెత్తి, పడుకుందండీ అని చెప్పేదాన్ని.

ఒక ఆదివారం నీళ్ళాయనే వచ్చాడు. ప్రెస్సువాళ్ళను అడిగి, ముప్ఫై ఒక్క మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కాడు. కుర్చీ మంచం దగ్గరకు జరిపాను. అక్క ఎటు ఉందో గ్రహించి అటు తిరిగాడు.

"మీరేం మాట్లాడకండి. ఇవాళ కంట్రోల్ గదిలో నా డ్యూటీ" అన్నాడు.

పద్నాలుగో భాగం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి మాటలన్నీ పొల్లుపోకుండా, ఆమె ఆగినచోటల్లా ఆగుతూ చెప్పాడు. టెలిఫోన్‌లో వాడే మెత్తని గొంతు. నేను అక్క మొహం వైపు చూశాను. కళ్ళు మూసుకునే ఉంది. పెదవులు కదులుతున్నాయి. ఆయన మాట అన్న క్షణానికే తన పెదవులూ ఆ మాటకు తగ్గట్టు తెరుచుకుంటున్నాయి.

"కలుస్తున్నాయండీ" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

ఆయన విన్నాడు. తల ఊపి, ఆపకుండా చెప్పుకుపోయాడు. కుర్రాడి వంతు వచ్చినప్పుడు మాత్రం ఏమీ అనేవాడు కాదు, ఆ మాటలు పట్టేంత సేపు ఊరుకునేవాడు.

అక్క బుధవారం పదకొండు గంటలకు పోయింది. నేను కౌంటర్లో ఉన్నాను. నా ముందు పొడుగాటి క్యూ ఉంది. అక్కను కాస్త చూస్తూ ఉండమంటే ఇంట్లో కూర్చున్న ప్రెస్సాయన భార్య ఫోను చేసింది. ఇంటికి పరిగెత్తుకొచ్చాను. చెయ్యాల్సినవి చెయ్యడానికి నలుగురూ వచ్చాక, భోజనాల వేళకి ముందే నీళ్ళ ఆఫీసుకు ఫోను చేశాను. మామూలుగా ఆ వేళకి ఆయనే ఫోను చేస్తాడు. ఆ రోజు ఆయన చెయ్యకముందే చెప్పాలనిపించింది.

"నీటి సరఫరా ఆఫీసు. చెప్పండి."

నేను ఏడుస్తున్నాను, మాట రాలేదు. ఆయన ఎవరని అడగలేదు. అవతల ఊపిరి మాత్రం వినబడుతోంది. ఇంతలో ఆయన పక్కన ఇంకో ఫోను మోగడం మొదలైంది. ఎంతకీ ఆగలేదు.

"పెట్టెయ్యకమ్మా, ఇది ఎత్తి వస్తాను" అన్నాడు.

రిసీవర్ బల్లమీద పెట్టిన చప్పుడు. దూరంగా ఆయన గొంతు. "ఏ వీధండీ? ఎన్ని రోజులైంది? పైపు పగిలిందా, అసలే రావట్లేదా? అలాగే, మధ్యాహ్నం మనిషిని పంపిస్తాం. రాసుకున్నాను." ఎక్కడా తొణకలేదు. అవతలివాళ్ళు ఇంకా ఏదో గొడవ పడుతున్నట్టున్నారు. ఓపిగ్గా అంతా విన్నాడు.

తర్వాత రిసీవర్ మళ్ళీ ఎత్తాడు. ఉన్నానన్నట్టు ఏదో అనబోయాడు. మాట రాలేదు. ఇద్దరం ఫోను పెట్టలేదు.