వంకల మాస్టారి గేర్ల సైకిలు

చొక్కాల ఫ్యాక్టరీలో ఆయన్ని ఎదురుగా "చెకింగ్ మాస్టారూ" అంటారు, వెనకాల "వంకల మాస్టారు" అంటారు. రెండోదే ఆయనకు అతికినట్టు సరిపోతుంది. కుట్టు పూర్తయిన చొక్కా ఏదైనా ఆయన బల్ల మీదికి రావాల్సిందే. ట్యూబులైటు కింద దాన్ని తిరగేసి, చంకల దగ్గర పట్టి లాగి, కాలరు వంచి, కాజాలు ఒక్కొక్కటీ తడిమి చూస్తాడు. తప్పు కనబడ్డ చోట గోటంత ఎర్ర బాణం స్టిక్కరు అంటిస్తాడు. నోరు విప్పడు. బాణాలు మోసుకుంటూ చొక్కా వెనక్కి పోతుంది, బాగుచేయించుకుని మళ్ళీ వస్తుంది. రెండోసారి మాత్రం బాణం ఉన్న చోటే చూడాలి, అక్కడ సరిగ్గా ఉంటే పాస్ చేసి తీరాలి, కొత్త వంకలు వెతక్కూడదు. ఈ నియమం పెట్టింది కూడా ఆయనే. లేకపోతే తన చేతిలో పడ్డ చొక్కా ఒక్కటీ ఫ్యాక్టరీ గడప దాటదని ఆయనకే తెలుసు పాపం.

ఆ అలవాటు ఫ్యాక్టరీ గేటు దగ్గరే వదిలేసి వస్తే ఏ గొడవా లేదు. ఇంటికీ మోసుకొస్తాడు. కొత్త కర్టెను వచ్చిందంటే తిరగెయ్యాలి, గ్యాస్ స్టవ్వు వచ్చిందంటే బోర్లించాలి. పక్కింటివాళ్ళు గోడ కట్టుకుంటే, దాన్ని తిరగెయ్యలేడు గనక, అవతలి వైపుకు వెళ్ళి మరీ చూసొచ్చాడు. కోడిగుడ్డు మీద ఈకలు పీకడానికి జీతం ఇచ్చే ఉద్యోగం లోకంలో ఒక్కటే ఉంటే, అది ఈయనకే దొరికింది.

అలాంటి మనిషికి సైకిలు కొనాలని ఆయన ఇల్లాలు తీర్మానించింది.

ఆవిడ పరీక్షల ల్యాబులో రక్తం తీసే ఉద్యోగి. "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అంటూనే సూది గుచ్చేస్తుంది. ఒకరోజు సొంత మొగుణ్ణే కుర్చీలో కూలేసి గుచ్చింది. రిపోర్టు డాక్టరు కంటే ముందు తనే చదివింది.

"షుగరు అంచు మీదుంది. వ్యాన్‌లో కూర్చుని వెళ్తారు, బల్ల ముందు కూర్చుంటారు, ఇంటికొచ్చి మళ్ళీ కూర్చుంటారు. ఇక చాలు. సైకిలు కొనుక్కుని తొక్కండి" అంది సాయంత్రం టీ ఇస్తూ. "మన వీధి ఎత్తుకి మామూలుది పనికిరాదు. మూల మీద షాపులో గేర్ల సైకిళ్ళు చవగ్గా పెట్టారట. లావు టైర్లవి, కొండలెక్కేవి. అయినా కొండలెక్కడం మీకేం కొత్త కాదుగా!"

ఆ చివరి మాటకి మాస్టారికి పొరబోయింది. టీ ముక్కులోంచి వచ్చింది.

సంగతేమిటంటే, మాస్టారికి సైకిలు తొక్కడం రాదు. గేర్లున్నదీ రాదు, లేనిదీ రాదు. తోటిపిల్లలు మోకాళ్ళు చెక్కుకుపోయేలా నేర్చుకునే వయసులో ఆయన పిన్నిగారింట్లో కుట్టుమిషను ముందు కూర్చుని బొత్తాలు కుడుతున్నాడు. అందులో తప్పేం లేదు. తప్పంతా తర్వాత చేశాడు. పెళ్ళి మాటలప్పుడు ఆ అమ్మాయి కళ్ళు మెరిపిస్తూ "నాకు సైకిలంటే ప్రాణం. మీకో?" అని అడిగింది. ఆ కళ్ళు చూసి ఈ మహానుభావుడు మాట జారాడు. "నేనా? సైకిలు మీద కొండలే ఎక్కేవాణ్ణి" అన్నాడు. ఒట్టి కోత! ఆ అమ్మాయి నమ్మేసింది. అప్పట్నుంచీ నమ్ముతూనే ఉంది. అక్కడితో ఆగిందా అంటే లేదు. "మా ఆయనలో సవాలక్ష వంకలుండొచ్చు గానీ, అబద్ధమాడ్డం మాత్రం ఆయనకి చేతకాదు" అని ల్యాబులో అందరికీ చెబుతుంది. వినీ వినీ అదే తన ఆస్తి అన్నట్టు తయారయ్యాడు ఈయన. ఇప్పుడు సైకిలెక్కితే ఆ ఆస్తి మొత్తం నడివీధిలో దొర్లుతుంది.

రాత్రంతా దొర్లి దొర్లి చివరికి ఒక ఉపాయం ఆలోచించాడు. సైకిలు వద్దనకూడదు. సైకిలే బాగాలేదనాలి. వంకలు పెట్టడంలో తనను మించినవాడు లేడు కదా!

మర్నాడు ఫ్యాక్టరీ నుంచి నేరుగా షాపుకి వెళ్ళాడు. లోపలంతా కొత్త రబ్బరు వాసన. కప్పు కొక్కేలకు చిన్నపిల్లల సైకిళ్ళు వేలాడుతున్నాయి, గోడ పొడుగునా పెద్దవి నిలబెట్టి ఉన్నాయి. షాపు నడిపేది ఒక నడివయసావిడ. మోచేతుల దాకా గ్రీజు, జేబులో పానాలు, ముఖంలో బోలెడంత ఓపిక.

"రండి అన్నయ్యగారూ. చవకలో గేర్లదా? ఇదే" అని ఆకుపచ్చది ఒకటి ముందుకు లాగింది. "ముందే చెప్తున్నా, పేరుకే మౌంటెన్ సైకిలు. నిజం కొండ మీదికి తీసుకెళ్ళి నా మీద పడకండి. బరువెక్కువ, ముందు షాక్ అబ్జార్బర్లు మొండివి. ఊళ్ళో ఎత్తుపల్లాలకైతే రాయిలా ఉంటుంది."

మాస్టారు కంగుతిన్నాడు. వంకలు పెట్టడానికి వస్తే ఈవిడే ముందు పెట్టేస్తోందేమిటి! అయినా తమాయించుకుని, జేబులోంచి అద్దాలు తీసి, పనిలోకి దిగాడు. ముందుగా సీటు. కవరు కుట్టు ఒకచోట దాటేసింది. చెయ్యి దానంతట అదే జేబులోకి పోయింది, ఎర్ర బాణం బయటికొచ్చింది, సీటుకి అంటుకుంది. అలవాటు మరి, ఆయన్నడిగి జరగలేదు. తర్వాత వెనక చక్రం తిప్పాడు, కాస్త వంకరగా ఊగుతోంది. బాణం. ముందు బ్రేకు కిర్రుమంటోంది. బాణం. గేరు మారుస్తుంటే గొలుసు జారుతోంది. బాణం. పెడలు ప్లాస్టిక్కుది, గంట మోగనంటోంది, హ్యాండిలు పిడి వదులు. బాణం, బాణం, బాణం. ఆఖరికి దాన్ని ఎత్తి బోర్లించబోయాడు. అది ఎంత బరువుందంటే ఆయనే దాని కింద పడబోయాడు.

"ఏంటివన్నీ?" అంది షాపావిడ, సైకిలు ఒళ్ళంతా ఎర్రగా అయిపోతే చూస్తూ.

అక్కడ నోరు మూసుకుని వచ్చేస్తే కథ కంచికి పోయేది. కానీ తన పని గురించి ఎవరైనా అడిగితే మాస్టారికి ఒళ్ళు తెలీదు. బల్ల గురించీ, బాణాల గురించీ, తను పెట్టిన నియమం గురించీ వర్ణించి వర్ణించి చెప్పాడు. "బాణం పెట్టిన చోట బాగుచేసి తెస్తే పాస్ చేసి తీరాలి. కొత్త వంక పెట్టడానికి వీల్లేదు. పద్ధతంటే పద్ధతే!" అన్నాడు రొమ్ము విరుచుకుని.

"బాగుందే మీ పద్ధతి" అంది ఆవిడ మెచ్చుకోలుగా.

ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్ళాడు. "చూశానే. ఒళ్ళంతా తప్పులే. అలాంటిది కొంటే మన పరువేం కాను!" అన్నాడు. భార్య నిట్టూర్చి ఊరుకుంది. ఆయన హాయిగా నిద్రపోయాడు.

ఆ హాయి ఆదివారం దాకానే. కూరగాయలకని ఇద్దరూ బజారుకి వెళ్తుంటే షాపావిడ గుమ్మంలోంచే కేకేసింది. "అన్నయ్యగారూ! మీ సైకిలు రెడీ! వదినగారూ, మీరూ రండి!"

ఆకుపచ్చ సైకిలు గుమ్మం ముందు తళతళలాడుతోంది. సీటుకి కొత్త కవరు. వెనక చక్రం తిప్పితే గీత గీసినట్టు తిరుగుతోంది. బ్రేకు చప్పుడు చెయ్యకుండా పట్టుకుంటోంది. గేర్లు టిక్కు టిక్కుమని పడుతున్నాయి. ఇనప పెడళ్ళు, బిగించిన పిడి. గంట నొక్కితే వీధి చివర కుక్క లేచి చూసింది. మాస్టారు అద్దాలు తుడుచుకుని తుడుచుకుని చూశాడు. ఒక్కటంటే ఒక్క తప్పు మిగల్లేదు. ఆయన నోట్లో పచ్చి వెలక్కాయ పడింది.

"మీరు చూపించారు గనక సరిపోయింది. ఇంత బాగున్న సైకిలు మా షాపులో ఇంకోటి లేదిప్పుడు" అంది ఆవిడ. "మీ పద్ధతి ప్రకారం పాసే కదా?"

"పాసే కదండీ?" అంది భార్య సంబరంగా.

"అంటే... వెనక క్యారేజీ..." అని నీళ్ళు నమిలాడు మాస్టారు.

"దానికి బాణం పెట్టలేదుగా మీరు!" అంది షాపావిడ. "కొత్త వంక పెట్టకూడదన్నారు. పద్ధతంటే పద్ధతే అన్నారు. ఇదిగో, వెనకాల గోడౌను జాగా ఖాళీగా ఉంది, ఒక రౌండు వేసి చూసుకోండి."

షాపు వెనక లారీలు తిరిగే పెద్ద ఖాళీ స్థలం. ఒక మూల ఖాళీ అట్టపెట్టెల గుట్ట. మాస్టారికి ముచ్చెమటలు పోశాయి. చెప్పులు జారతాయన్నాడు. షాపావిడ తన బూట్లు ఇవ్వబోయింది. ప్యాంటు పట్టేస్తుందన్నాడు. భార్య వంగి మడత పెట్టింది. మోకాలు అన్నాడు.

"నిన్నటిదాకా లేని మోకాలు ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చిందండీ?" అంది భార్య. "కొండలెక్కిన మనిషి, ఈ చదును నేల మీద భయపడతారేమిటి? ఎక్కండి, ఒక్కసారి మిమ్మల్ని సైకిలు మీద చూడాలనుంది."

ఎక్కాడు. సీటు మీద కూర్చుని, రెండు కాళ్ళూ నేల మీదే పెట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ బయల్దేరాడు. సైకిలు ఆయన్ని మోస్తోందో, ఆయనే సైకిల్ని మోస్తున్నాడో తెలీడం లేదు. అలా పెద్దమనిషిలా ఆ ఖాళీ జాగా మధ్యదాకా నడిచాడు.

"కాళ్ళు పైకి పెట్టండి!" అని అరిచింది భార్య.

మాస్టారు ఆగిపోయాడు. వెనక్కి తిరగలేదు. "నాకు రాదు" అన్నాడు.

"ఏం రాదు?"

"తొక్కడం."

ఆవిడ దగ్గరికి నడిచి వచ్చింది. "ఎప్పట్నుంచి?"

"పుట్టినప్పట్నుంచి."

షాపావిడ నవ్వాగక పానా వెతుక్కునే నెపంతో లోపలికి పోయింది. భార్య మాత్రం నవ్వలేదు. ముందు ఆవిడ మొహంలో ఏమీ కనబడలేదు. తర్వాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాస్టారు తిడుతుందనుకున్నాడు, పరువు తీస్తుందనుకున్నాడు, ఇది మాత్రం అనుకోలేదు.

"పెళ్ళయిన కొత్తలో, ఏటి ఒడ్డు రోడ్డు మీద అందరూ జంటలుగా సైకిళ్ళేసుకుని వెళ్తుంటే, మనమూ అద్దెకు తీసుకుని వెళ్దామని ఎన్నిసార్లడిగాను?" అంది. "ఒకరోజు ఎండన్నారు. ఒకరోజు తలనొప్పన్నారు. ఒకరోజు అద్దె సైకిళ్ళు శుభ్రంగా ఉండవన్నారు. నేను లావుగా ఉంటాను, నాతో రోడ్డు మీద కనబడ్డం ఈయనకి నామోషీ కాబోలు అనుకున్నా. అనుకుని, అడగడం మానేశా. నా సైకిలు మా చెల్లెలికిచ్చేశా. ఇన్నేళ్ళూ అదే అనుకుంటున్నానండీ."

చొక్కా మీద కుట్టు దాటితే ఆమడదూరం నుంచి పట్టేసే మనిషి, పక్కనున్న మనిషి ఇంత బాధ మోస్తుంటే ఒక్కనాడూ కనిపెట్టలేదు. "అయ్యో, అదేం మాటే! నీ పక్కన కనబడాలనే కదా ఆ వెధవ కోత కోసింది!" అన్నాడు. "రాదంటే నువ్వు నన్నొద్దంటావని భయమేసింది. తర్వాత చెప్దామంటే మరీ భయమేసింది. తప్పు నాదే. నీది కానే కాదు."

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని కాసేపు ఆయన్నే చూసింది. ఆ మొహంలో ఏం దొరికిందో ఏమో, మూతి బిగించి, "దిగండి" అంది.

ఆయన దిగీ దిగకముందే ఆవిడ చీర కుచ్చిళ్ళు దోపి సైకిలెక్కేసింది. మొదటి చుట్టు కాస్త తూలింది. రెండో చుట్టుకి గేరు మార్చింది. మూడో చుట్టుకి ఒక చెయ్యి వదిలేసింది. కూరల సంచీ పట్టుకుని మాస్టారు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఆవిడ అలా నవ్వడం చూసి ఎన్నేళ్ళయిందో ఆయనకు గుర్తు రాలేదు.

రొప్పుతూ వచ్చి ఆగింది. "ఏమ్మా, నిజం చెప్పు, ఇది కొనొచ్చా?" అని మళ్ళీ బయటికొచ్చిన షాపావిడని అడిగింది.

"వదినా, కొండలెక్కేవాళ్ళైతే వద్దనేదాన్ని. నేర్చుకునేవాళ్ళకి ఇంతకంటే మంచిది లేదు. ఎన్నిసార్లు పడేసినా దీనికేం కాదు" అంది షాపావిడ.

"నాకో?" అన్నాడు మాస్టారు.

"తీసుకుంటాం" అంది భార్య. "మీరెక్కండి. వెనక నుంచి సీటు నేను పట్టుకుంటాను. ముందుకి చూసి తొక్కండి."

"వదలవుగా?"

"వదలనులెండి."

మాస్టారు కళ్ళు మూసుకుని తెరిచి, కాళ్ళు పైకి పెట్టాడు. సైకిలు కదిలింది. నిజంగానే కదిలింది! గాలి మొహానికి తగిలింది. "వదలకే, వదలకు!" అని అరుస్తున్నాడు. "పట్టుకునే ఉన్నా!" అన్న మాట ఎక్కణ్ణుంచో దూరం నుంచి వినబడింది. అంత దూరం నుంచి ఎందుకు వినబడిందా అని తల తిప్పాడు. మరుక్షణం సైకిలూ ఆయనా కలిసి అట్టపెట్టెల గుట్టలోకి దూరిపోయారు.

ఆవిడ తాపీగా నడుచుకుంటూ వచ్చింది. పెట్టెలు ఒక్కొక్కటే తీసి, మొగుడి మొహం కనబడేదాకా తవ్వింది.

"ఇది నాతో ఆడిన అబద్ధానికి" అంది. "లెక్క సరిపోయింది. లేవండి, ఈసారి వదలను."

మాస్టారు మోచెయ్యి రుద్దుకుంటూ లేచి సైకిలెక్కాడు. ఆవిడ వెనక నుంచి సీటు గట్టిగా పట్టుకుంది. చీకటి పడేదాకా వదల్లేదు.