కీమో కుర్చీలో మేనేజర్ గారు

ఆస్ట్రేలియాలో అక్కడి ఆదివాసులకు క్యాన్సర్ వైద్యం మెరుగుపరచడానికి ఎవరో గ్రాంటు ఇచ్చారట. ఆ వార్త చదివిన దగ్గర్నుంచి మస్కట్‌లో మా ఆసుపత్రి మేనేజర్ గారికి నిద్ర పట్టడం లేదు. ఇక్కడి కార్మికుల పేరు చెప్పి మనమూ ఒకటి తెచ్చుకోవాలట.

దరఖాస్తుకి ఫొటో కావాలని ఈ రోజు మధ్యాహ్నం నేను డ్యూటీలో ఉన్న కీమో వార్డుకి ఫొటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని ఊడిపడ్డారు. కుర్చీలో ఊరి చివర రుసైల్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసే యాదగిరి గారు ఉన్నారు. నేనింకా సూది పెట్టలేదు.

"సిస్టర్, ఈయన మరీ నీరసంగా ఉన్నారు, ఫొటోకి బాగోదు. కాసేపు లేపండి" అన్నారు మేనేజర్ గారు.

వద్దన్నా వినలేదు. టై విప్పి, దుప్పటి కప్పుకుని, తానే పేషెంటులా కూర్చున్నారు. యాదగిరి గారిని నా స్టూలు మీద కూర్చోబెట్టాను. కెమెరా చూడగానే మేనేజర్ గారు పళ్లన్నీ బయటపెట్టారు.

"గంత నవ్వకుండ్రి సార్. గీ కుర్చీల కూసుంటే గట్ల నవ్వు రాదు" అన్నారు యాదగిరి గారు.

మేనేజర్ గారు వెంటనే ముఖం వేలాడేశారు. ఫొటో అద్భుతంగా వచ్చింది. కానీ ఒక మూల యాదగిరి గారు పడ్డారని, ఆయన్ని బయటికి పంపి మళ్లీ తీయించారు.

గ్రాంటు గనక వస్తే ఆ డబ్బుతో కొన్న మందు ఎవరికి ఎక్కించాలో మీరే చెప్పండి. రేపు కూడా నాకు అక్కడే డ్యూటీ.